ఆరు ‘చేయడు’లు, పదిహేనుకు నాలుగు మార్కులు: తెలుగు బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు, పరీక్షల విభాగానికి బహిరంగ లేఖ

డిగ్రీ తెలుగు పాఠాలను నిర్ణయించే గౌరవనీయులైన తెలుగు బోర్డ్ ఆఫ్ స్టడీస్ అధ్యక్షులకు, సభ్యులకు, పరీక్షల విభాగం అధికారులకు నమస్కారం.

విషయం: డిగ్రీ మొదటి సంవత్సరం తెలుగు ప్రశ్నపత్రంలో వ్యాఖ్యాన వ్యాసానికి (రచన గురించి విద్యార్థి తన వాదనను రచనలోని మాటలతోనే నిలబెట్టే వ్యాసానికి) చోటు, దానిని దిద్దే పద్ధతి.

నేను హైదరాబాద్‌లో ఒక డిగ్రీ కళాశాలలో పదిహేడేళ్లుగా తెలుగు చెబుతున్నాను. నా తరగతిలో కూర్చునేవారిలో ఎక్కువమంది బీకాం, బీఎస్సీ విద్యార్థులు. వారికి తెలుగు సెకండ్ లాంగ్వేజ్ మాత్రమే. ఈ లేఖలో ఉన్న విషయాన్నే గత విద్యాసంవత్సరంలో రెండుసార్లు వినతిపత్రంగా రాసి, మీ కార్యాలయంలో ఇచ్చి, ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకుని వచ్చాను. రెండింటికీ జవాబు రాలేదు. స్వయంగా వచ్చి కలిసినప్పుడు ‘చూద్దాం సార్’ అన్నారు. మరో సెమిస్టర్ ప్రశ్నపత్రం కూడా పాత మూసలోనే వచ్చింది కనుక ఇప్పుడు నలుగురికీ తెలిసేలా రాస్తున్నాను. మీలో కొందరి పుస్తకాలు చదివే నేను పాఠం చెప్పడం నేర్చుకున్నాను. మీ పాండిత్యం గురించి నాకు పేచీ లేదు. పేచీ అంతా ప్రశ్నపత్రంతోనే.

ముందు జరిగింది చెబుతాను.

గజేంద్రమోక్షం పాఠంగా ఉన్న సెమిస్టర్‌లో ‘సిరికిం జెప్పడు’ పద్యం చెబుతూ, తాత్పర్యం చెప్పకముందే, ఈ పద్యంలో క్రియలన్నీ ఏరి బోర్డు మీద రాయమన్నాను. చెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు, ఒత్తడు, వీడడు. ఆరూ వ్యతిరేక క్రియలే. ఏనుగు మొర విని విష్ణువు బయలుదేరాడని గానీ, పరుగెత్తాడని గానీ పద్యంలో ఎక్కడా లేదు. సిరికి, అంటే లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రాలు చేత పట్టలేదు, పరివారాన్ని పిలవలేదు, గరుడుణ్ణి సిద్ధం చేయలేదు, జుట్టు సవరించుకోలేదు, లక్ష్మి పైటకొంగు వదలలేదు. ఏమేం చేయలేదో చెప్పి ఊరుకున్నాడు పోతన. అయినా చదివిన ప్రతి ఒక్కరికీ పరుగే కనిపిస్తుంది. ఇది ఎలా సాధ్యమైందో చెప్పండి అని అడిగితే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత వెనుక బెంచీ నుంచి ఒక అబ్బాయి, మొదటి ఐదూ తొందరలో మరిచిపోయిన పనులనీ, ఆరోది మాత్రం వదలడం మరిచిపోయి చేతిలో పట్టుకునే ఉన్న పైటకొంగు అనీ, కాబట్టి ఆరో ‘డు’ మిగతావాటి వంటిది కాదనీ అన్నాడు. పదిహేడేళ్లుగా ఆ పద్యం చెబుతున్న నాకు ఆ తేడా అంత స్పష్టంగా ఎన్నడూ తోచలేదని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

ఆ మాట మీద ఇంకొక అమ్మాయి లేచింది. సాయంత్రాలు ఒక బట్టల దుకాణంలో బిల్లులు కొట్టి, పొద్దున కళాశాలకు వచ్చే అమ్మాయి. పద్యం ‘సిరి’తో మొదలై సిరి పైటకొంగుతో ముగుస్తోంది కదా, ఆమెకు చెప్పనూ లేదు, కొంగు వదలనూ లేదు, మరి ఆమె సంగతేమిటి అని ప్రశ్నించింది. నేను జవాబు చెప్పకుండా, ముందుకు చదివి చూడమన్నాను. ‘అడిగెద నని కడువడి జను’ అనే కంద పద్యం దగ్గర ఆగింది. అడుగుదామని లక్ష్మి వేగంగా ముందుకు వెళుతుంది, అడిగితే బదులు చెప్పడేమోనని నిలిచిపోతుంది, మళ్లీ అడుగు వేస్తుంది, వేయలేకపోతుంది. ఆ పద్యాన్ని గైడ్లన్నీ వృత్త్యనుప్రాసకు, అంటే ఒకే అక్షరం మళ్లీ మళ్లీ వచ్చే అలంకారానికి, ఉదాహరణగా చూపి వదిలేస్తాయి. ఈ అమ్మాయి మాత్రం పైకి చదివి, ‘డ’ అన్నప్పుడల్లా నాలుక తట్టుకుంటోందనీ, అది లక్ష్మి కాళ్ల తడబాటేననీ అన్నది. అలంకారం పేరు ఆమెకు అప్పటికి తెలియదు. అలంకారం చేసే పని మాత్రం తెలిసింది.

సెమిస్టర్ పరీక్షలో విష్ణువు తరలివచ్చిన తీరును వివరించమని పదిహేను మార్కుల ప్రశ్న వచ్చింది. ఆ అమ్మాయి రెండున్నర పేజీలు రాసింది. పోతన చెప్పిన కారుణ్యం కథ లోపల, చెప్పాపెట్టకుండా వెంట నడవాల్సి వచ్చిన మనిషి కథ కూడా ఉన్నదన్నది ఆమె వాదన. అందుకు రెండు పద్యాల నుంచి మాటలు ఎత్తి చూపింది. అంతటితో ఆగకుండా, ‘గజప్రాణావనోత్సాహియై’ (ఏనుగు ప్రాణం కాపాడాలన్న ఉత్సాహంతో) అని కవి కారణం స్పష్టంగా చెప్పాడు కనుక విష్ణువు భార్యను లెక్కచేయలేదని అనడం మాత్రం తప్పవుతుందని తన వాదనకు తానే హద్దు గీసుకుంది. నేను ఎంఏ విద్యార్థుల దగ్గర కూడా ఆశించని జాగ్రత్త అది. మార్కులు పదిహేనుకు నాలుగు. అదే ప్రశ్నకు గైడులోని జవాబును పొల్లు పోకుండా దించిన ఆమె స్నేహితురాలికి పన్నెండు. రుసుము కట్టి జవాబుపత్రం జిరాక్సు తెప్పించుకుని చూశాం. మార్జిన్‌లో ఒక్క వ్యాఖ్య లేదు. కవి పరిచయం రాయలేదు, ‘సందర్భం’ అని పక్క శీర్షిక పెట్టలేదు, అంతే. పునర్మూల్యాంకనంలోనూ మార్పు లేదని వచ్చింది. ఆ కాగితం నా చేతికిచ్చి ఆమె అన్నది: “ఇగ నేను గైడే రాస్తా సార్.”

దిద్దినవారిని నేను తప్పుపట్టడం లేదు. అధ్యాపకులందరూ ఒకచోట చేరి జవాబుపత్రాలు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌లో ఆ బల్ల దగ్గర నేనూ కూర్చున్నవాణ్ణే. కట్ట విప్పిన క్షణం నుంచి గడియారం కేసి చూస్తూ, కీలో (జవాబులో ఏముంటే ఎన్ని మార్కులో చెప్పే కాగితంలో) ఉన్న శీర్షికలు పేజీలో ఉన్నాయా లేవా అని కళ్లతో వెతికి, ఉన్నచోటల్లా టిక్కు పెట్టి, లేనిచోట దాటేసి, ఎన్ని పత్రాలు దిద్దానో నాకు లెక్కలేదు. అటువంటి అమ్మాయిలకు నా చేత్తోనూ నాలుగులు పడి ఉంటాయి. బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఎవరైనా కీ అడిగినదే వెతుకుతాడు. కీ తయారయ్యేది మీ దగ్గర.

దీనివల్ల ఎవరికి ఏం నష్టం జరుగుతోందో ఇక వరుసగా మీ దృష్టికి తెస్తున్నాను.

1. మన ప్రశ్నపత్రంలో వ్యాఖ్య అనే మాట పేరులోనే ఉన్న ప్రశ్న ఒకటుంది: సందర్భసహిత వ్యాఖ్య. అందులో కవి పరిచయానికి ఒక మార్కు, ఈ మాట ఎవరు ఎవరితో అన్నారో చెప్పినందుకు ఒకటి, భావానికి ఒకటి, విశేషం పేరుతో ఒక పొగడ్త వాక్యానికి మరొకటి ఇస్తున్నాం. వ్యాఖ్యకు మాత్రం మార్కు లేదు. పోతన బమ్మెరలో పుట్టాడని, సహజపండితుడని, రాజులను ఆశ్రయించలేదని మా విద్యార్థులు ఏ ప్రశ్నకైనా రాయగలరు. ఆయన పద్యం ఒక్కటి ముందు పెట్టి, ఇది నీకెలా అర్థమైంది, ఏ మాటను బట్టి అలా అర్థమైంది అని అడిగితే రాయలేరు. ‘పోతన మహాభక్తకవి’ అన్నది వాదన కాదు, ఎందుకంటే దానిని కాదనేవారు లేరు. కాదనడానికి వీలున్న మాట ఒకటి చెప్పి, దానిని రచనలోని మాటలతోనే నిలబెట్టడం వ్యాఖ్యానంలో మొదటి పాఠం. ఆ మొదటి పాఠానికే మన సిలబస్‌లో చోటు లేదు.

2. గైడు కొనగలిగినవారికి గైడు, దాని వెల కూడా పెట్టలేనివారికి కోఠిలో దొరికే పాత గైడు, అదీ లేనివారికి ఫోన్‌లో తిరిగే ‘ఇంపార్టెంట్స్’ ఫొటోలు. పాఠ్యపుస్తకం కొన్న విద్యార్థి నా తరగతిలో బెంచీకి ఒకరు దొరికితే గొప్ప. మూలం చూడకుండానే ప్యాసు కావచ్చని ప్రశ్నపత్రమే హామీ ఇస్తున్నప్పుడు పుస్తకం మీద డబ్బు ఎందుకు పెడతారు? పైగా ఇప్పుడు సారాంశం అనేది ఫోన్‌ను అడిగితే అరనిమిషంలో వచ్చేస్తోంది. ఫోన్ చేయగలిగిన పనికే పన్నెండు మార్కులిచ్చి, మనిషి మాత్రమే కూర్చుని చేయాల్సిన పనికి నాలుగు ఇవ్వడంలో న్యాయం ఏమిటో సభ్యులు ఆలోచించాలి.

3. దీని బరువు అసలు ఎక్కడ తెలుస్తుందంటే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో. ఏ పొద్దున వెళ్లి చూసినా, మన దగ్గర డిగ్రీ పూర్తిచేసిన పిల్లలు అక్కడ గ్రూప్స్ పుస్తకాలు పట్టుకుని ఉంటారు. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే పేపరు 150 మార్కులు. దానిని తెలుగులో రాయవచ్చు. అక్కడ అడిగేది ఒక విషయం మీద నిలబడి, ఆధారాలు చూపి, ఎదుటి వాదాన్ని పట్టించుకుని, పాఠకుణ్ణి ఒప్పించే వ్యాసం. మూడేళ్ల డిగ్రీలో అటువంటి వ్యాసం ఒక్కటైనా రాయించి దిద్ది ఇవ్వనందువల్ల, ఆ పిల్లలు పక్కనే అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లకు ఫీజు కట్టి దానిని నేర్చుకుంటున్నారు. నల్లగొండ నుంచో, మహబూబ్‌నగర్ నుంచో వచ్చి హాస్టల్ గదిలో ముగ్గురు సర్దుకుని ఉండే పిల్లవాడి తల్లిదండ్రులు కట్టే ఆ ఫీజులో కొంత భాగం మన పాఠ్యప్రణాళిక వేసిన పన్నేనని నేను అనుకుంటున్నాను. నా దగ్గర చదివిన ఒకడు అక్కడ నాకు కనబడి, ‘సార్, ఎస్సేలో ఇంట్రడక్షన్ అయ్యాక ఏం రాయాలె’ అని అడిగాడు. మూడేళ్లు నా ముందు కూర్చున్నవాడు. ఆ ప్రశ్న నన్ను అడిగినట్టే లేదు, నా మీద వేసినట్టు ఉంది.

4. తెలుగు ఇప్పటికే మార్కుల లెక్కలో ఓడిపోయిన సబ్జెక్టు. 2018 చట్టంతో రాష్ట్రంలో పదో తరగతి వరకు తెలుగు తప్పనిసరి అయింది. ఇంటర్‌కు రాగానే మార్కుల కోసం సంస్కృతం తీసుకునేవారు ఎందరో మీకు తెలుసు. రెండేళ్లు తెలుగు ముట్టకుండా డిగ్రీకి వచ్చిన విద్యార్థికి మనం మళ్లీ పదో తరగతి పద్ధతిలోనే సారాంశం, కవి పరిచయం అడుగుతున్నాం. పద్దెనిమిదేళ్లు నిండి ఓటు వేసే మనిషిని, ఈ పద్యం గురించి నీ మాట ఏమిటని అడగడానికి మనకు ఎందుకింత భయం?

ఈ ప్రతిపాదన విన్నప్పుడల్లా ఎదురయ్యే అభ్యంతరాలు నాకు కంఠతా వచ్చు. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు సొంతంగా రాయలేరన్నది వాటిలో మొదటిది. ఆ పిల్లలు బస్సులో నిలబడి, సినిమాలో హీరో చివరికి చేసింది తప్పా ఒప్పా అని ఫలక్‌నుమా నుంచి సికింద్రాబాద్ దాకా వాదించుకోవడం నేను విన్నాను. ఆ సీన్‌లో ఇలా అన్నాడు కదా, ముందు అలా చూపించారు కదా అని సాక్ష్యాలు కూడా తెస్తారు. వారికి లేనిది వాదించే శక్తి కాదు, దానిని కాగితం మీద వరుసగా పెట్టే అలవాటు. ఆ అలవాటు చేయించాల్సింది మనం.

రెండో అభ్యంతరం, ఎవరికి తోచింది వారు రాస్తే అన్నీ ఒప్పేనా, మార్కులు ఎలా వేయాలి అన్నది. ఇది మంచి ప్రశ్న, దీనికి జవాబు కూడా మన దగ్గరే ఉంది. మెదక్ జిల్లా కొల్చారం వాడని మనం గర్వంగా చెప్పుకునే, కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథసూరి తన వ్యాఖ్యానాలకు పెట్టుకున్న నియమం ‘నామూలం లిఖ్యతే కించిత్, నానపేక్షితముచ్యతే’. మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను. మొదటి సంవత్సరం విద్యార్థికి ఇంతకంటే మంచి కొలబద్ద నేను చూడలేదు. దీనితో కొలిస్తే, లక్ష్మి తడబాటు గురించి ఆ అమ్మాయి రాసింది నిలుస్తుంది. ‘ఈ పద్యంలో మొసలి పేదరికానికి ప్రతీక’ అని మరొకడు రాసింది నిలవదు (నిజంగానే రాశాడు, ఏ మాటను బట్టి అంటే నవ్వి కూర్చున్నాడు). వ్యాఖ్యానం అంటే ఇష్టం వచ్చింది రాయడం కాదని వాడికి ఆ రోజు తెలిసినంతగా పది ఉపన్యాసాలు చెప్పినా తెలిసేది కాదు.

ఇది పరాయి పద్ధతి అన్న మాట కూడా ఒకరిద్దరు అన్నారు. పూర్వపక్షం (ఎదుటివారి వాదం), సిద్ధాంతం (దానికి జవాబుగా మనం నిలబెట్టేది) అనే మాటలు మనవే కదా. 1934లో గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి, తెలంగాణలో కవులే లేరన్న మాటకు కోపంతో సంపాదకీయం ఒకటి రాసి ఊరుకోలేదు. 354 మంది కవుల రచనలు సేకరించి గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. ఆధారంతో ఒప్పించడం అంటే ఏమిటో ఈ నగరంలో మనం ఎక్కడికో వెళ్లి నేర్చుకోనక్కరలేదు.

కథ విషయంలోనూ ఇదే జరుగుతోంది. 1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’ను తీసుకోండి. రాత్రి ఆలస్యంగా ఇంటికి వచ్చిన గోపాలరావుకు భార్య కమలిని కనబడదు, ఆమె రాసిన ఉత్తరం దొరుకుతుంది. కథలో కమలిని మనకు ఉత్తరంలో తప్ప తన మాటల్లో వినబడదు. ఆఖరున మంచం కింద నుంచి నవ్వు వినిపిస్తుంది. కథంతా గోపాలరావు వెంటే నడుస్తుంది. దిద్దింది ఎవరు, దిద్దబడింది ఎవరు, ఆ నవ్వుతో సమస్య తీరినట్టేనా అని అడిగితే తరగతి రెండుగా చీలిపోతుంది, గంట కొట్టినా కదలరు. పరీక్షలో మాత్రం ‘దిద్దుబాటు కథా సారాంశం రాసి, రచయిత సందేశం తెలపండి’ అని అడుగుతాం. సందేశం ఒక్క వాక్యమే అయితే గురజాడ ఆ ఒక్క వాక్యమే రాసి ఉండేవాడు.

కాబట్టి కింది కోర్కెలను మీ ముందు ఉంచుతున్నాను. వీటిలో ఏదీ ప్రభుత్వం నుంచి కొత్త నిధులు తెస్తే తప్ప జరగనిది కాదు.

1. ప్రతి సెమిస్టర్ ప్రశ్నపత్రంలో పదిహేను మార్కుల ప్రశ్న ఒకటి వ్యాఖ్యాన వ్యాసంగా ఉండాలి. పద్యాన్ని గానీ, కథలోని భాగాన్ని గానీ ప్రశ్నపత్రంలోనే అచ్చువేసి ఇవ్వాలి. మూలం కళ్ల ముందు ఉంటే కంఠస్థానికి పని ఉండదు, చదవడానికి పని ఉంటుంది.

2. ఆ ప్రశ్నకు శీర్షికల కీ బదులు కొలమానం ఇవ్వాలి. నా ప్రతిపాదన ఇది: స్పష్టమైన వాదనకు మూడు, మూలం నుంచి చూపిన ఆధారాలకు ఐదు, ఆ ఆధారం వాదనకు ఎలా సాక్ష్యమవుతుందో వివరించినందుకు నాలుగు, ఎదుటి అభిప్రాయాన్ని లెక్కలోకి తీసుకున్నందుకు ఒకటి, భాషకు రెండు. అంకెలు మార్చుకోండి, అభ్యంతరం లేదు. దిద్దేవారి అభిప్రాయంతో విద్యార్థి వాదన కలవకపోయినంత మాత్రాన మార్కులు తగ్గించరాదన్న వాక్యం మాత్రం అందులో రాతపూర్వకంగా ఉండి తీరాలి.

3. ఇంటర్నల్స్‌లో ఒక అసైన్‌మెంట్‌ను రెండు విడతలుగా రాయించాలి. ముందు చిత్తుప్రతి, అధ్యాపకులు దిద్ది ఇచ్చాక సాపుప్రతి. మార్కులు రెండింటికీ కలిపి వేయాలి. రాయడం అనేది తిరగరాయడంలోనే పట్టుబడుతుంది. ఒక తరగతి గదిలో వందమందిని కూర్చోబెట్టి ఇది చేయమంటే కుదరదు కనుక, పాఠాల సంఖ్యను సుమారు మూడో వంతు తగ్గించి ఆ గంటలను దీనికి కేటాయించాలి. ఎనిమిది పాఠాలు దాటవేస్తూ చదివించేకంటే ఐదు పాఠాలు నిలిపి చదివించడం మేలు.

4. స్పాట్ వాల్యుయేషన్ మొదలయ్యే ముందు ఒక పూట, నాలుగైదు నమూనా జవాబులను అధ్యాపకులందరూ విడివిడిగా దిద్ది, మార్కుల్లో తేడా ఎందుకు వచ్చిందో కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు చేయాలి. ఏకరూపత పోతుందని భయపడేవారికి ఇదే జవాబు.

5. సందర్భసహిత వ్యాఖ్యలో కవి పరిచయానికి ఇచ్చే మార్కును తీసివేయాలి.

పాత పద్ధతిలో పరీక్ష రాసి నష్టపోయిన విద్యార్థులకు మార్కులు కలపమని నేను అడగడం లేదు. ఆ అమ్మాయి కూడా అడగలేదు. ఆమె అనుమతితో, పేరు, హాల్ టికెట్ నంబరు కనిపించకుండా చేసిన జవాబుపత్రం జిరాక్సును ఈ లేఖతో పాటు మూడోసారి మీ కార్యాలయానికి పంపుతున్నాను. వచ్చే సెమిస్టర్ ప్రశ్నపత్రాలు తయారు చేయమని అధ్యాపకులకు కబురు వెళ్లేలోగా బోర్డు సమావేశంలో దీనిని అజెండాలో చేర్చి, ఏం నిర్ణయించారో, కాదంటే ఎందుకు కాదన్నారో రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను. సభ్యులు ఎవరికి వీలైనా ఒక రోజు మా తరగతికి రండి. మంగళవారం రెండో గంట ఫస్టియర్ బీకాం. ఏ పద్యం చెప్పాలో మీరే ఎంచండి.

ఇట్లు
భవదీయుడు,
ఒక తెలుగు అధ్యాపకుడు,
హైదరాబాద్.